తొణకని అణువు కోసం అన్వేషణ

ఎండలో కాసేపు నిలబడితే ఒళ్లు చుర్రుమంటుంది. భూతద్దంతో ఎండను ఒక చుక్కలోకి పోగుచేస్తే కాగితం అంటుకుంటుంది. కర్మాగారాల్లో లేజరు కిరణం ఉక్కు రేకుల్ని కోస్తుంది. వెలుగు సోకిన వస్తువు వేడెక్కుతుందన్నది పుట్టినప్పటి నుంచీ మనం చూస్తున్న సంగతి. అలాంటిది, ఆ లేజరు వెలుగుతోనే వాయువుల్ని పరమశూన్యానికి డిగ్రీలో కొన్ని లక్షోవంతుల దూరం వరకూ చల్లబరుస్తున్నారు. సృష్టిలో సహజంగా ఎక్కడా కనిపించనంత చలి అది. వేడి పుట్టించే వెలుగు చలి ఎలా పుట్టిస్తుంది?

ఈ ప్రశ్న వెనకే ఇంకో ప్రశ్న ఉంది. అసలు కథ దానిదే. విడి పరమాణువులను లేజర్లతో ఇలా చల్లబరచడం 1985 నాటికే సాధ్యమైంది. రెండు పరమాణువులు జతకట్టిన అణువును చల్లబరచడానికి మాత్రం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో పాతికేళ్లు. పరమాణువు దగ్గర లొంగిన ప్రకృతి అణువు దగ్గర ఎందుకు మొండికేసింది? ఆ మొండితనాన్ని ఎలా దాటారు? లేజర్ల బలం పెంచి కాదు. సరైన అణువును వెతికి పట్టుకుని దాటారు.

చలి అంటే వేగం తగ్గడమే

వాయువు వేడి అంటే అందులోని కణాల పరుగే. ఇప్పుడు మీ ముఖాన్ని తాకుతున్న గాలిలోని నైట్రోజన్ అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో అడ్డదిడ్డంగా దూసుకుపోతున్నాయి. ఆ పరుగు మందగించే కొద్దీ ఉష్ణోగ్రత పడిపోతుంది. కాబట్టి వాయువును చల్లబరచడమంటే దాని కణాలకు కళ్లెం వెయ్యడమే.

ఉదాహరణకు కాల్షియం మోనోఫ్లోరైడ్ అణువును తీసుకుందాం. ఒక కాల్షియం, ఒక ఫ్లోరిన్ కలిసిన అణువు ఇది. గది ఉష్ణోగ్రతలో దాని సగటు వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 50 మైక్రోకెల్విన్ల దగ్గర అది సెకనుకు 15 సెంటీమీటర్లకు దిగుతుంది. తుపాకి గుండుతో పోటీపడే వేగం నుంచి, కంటితో వెంబడించగల వేగానికి వచ్చిందన్నమాట. అంత నెమ్మదించిన అణువును బోనులో నిలిపి, సెకన్ల తరబడి పరిశీలించవచ్చు.

> ఎంత చల్లన?
>
> పరమశూన్యం అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. కెల్విన్ కొలత అక్కడి నుంచి మొదలవుతుంది.
>
> గది ఉష్ణోగ్రత: సుమారు 300 కెల్విన్
> ద్రవ నైట్రోజన్: 77 కెల్విన్
> ద్రవ హీలియం: 4.2 కెల్విన్
> విశ్వమంతటా పరుచుకున్న నేపథ్య వికిరణం: 2.7 కెల్విన్
> లేజరు బోనులో స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్ (2014): సుమారు 0.0023 కెల్విన్
> కాల్షియం మోనోఫ్లోరైడ్ (2017): 0.00005 కెల్విన్
> కాల్షియం మోనోఫ్లోరైడ్ (2019): 0.000005 కెల్విన్
>
> కెల్విన్‌లో పదిలక్షల వంతును మైక్రోకెల్విన్ అంటారు. చివరి అంకె 5 మైక్రోకెల్విన్లు.

వెలుగు వేసే దెబ్బ

వెలుగుకు బరువు లేదు గానీ తోపు ఉంది. ఒక ఫోటాన్‌ను, అంటే వెలుగు రేణువును, మింగిన కణం ఆ ఫోటాన్ పోతున్న దిక్కుకు కాస్త నెట్టుకుపోతుంది. ఎదురుగా వచ్చిన ఫోటాన్‌ను మింగితే ముందుకు పోయే వేగం కాస్త తగ్గుతుంది. మింగిన శక్తితో కణంలోని ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది. క్షణంలో ఎన్నో కోట్లవ వంతులో తిరిగి కిందికి దిగి, ఇంకో ఫోటాన్‌ను బయటికి వదులుతుంది. ఆ వదలడం ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఏ దిక్కుకైనా జరగవచ్చు. అందుకే వదిలేటప్పటి దెబ్బలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. మింగేటప్పటి దెబ్బలన్నీ మాత్రం ఒకే దిక్కు నుంచి పడతాయి కనుక కూడుతూ పోతాయి.

ఒక్కో దెబ్బ చాలా చిన్నది. స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్ అణువు 663 నానోమీటర్ల ఎర్రటి ఫోటాన్ ఒకటి మింగితే దాని వేగంలో తగ్గేది సెకనుకు ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే. సెకనుకు 140 మీటర్ల వేగంతో వస్తున్న అణువును ఆపాలంటే ఇలాంటి దెబ్బలు సుమారు 25,000 కావాలి. అదృష్టవశాత్తూ ఈ మింగి వదిలే వలయం సెకనుకు పదిలక్షల సార్లకు పైగా తిరగగలదు. వలయం ఆగకుండా తిరిగితే చాలు, సెకనులో చిన్న భాగం గడిచేలోపే అణువు నిలిచిపోతుంది. ఈ 25,000 అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అణువుల దగ్గర వచ్చిన చిక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరి వెలుగు ఎదురొచ్చే కణాన్నే తోసి, పారిపోయే కణాన్ని వదిలెయ్యడం ఎలా? ఇక్కడ డాప్లర్ ప్రభావం సాయానికొస్తుంది. రైలు మన వైపు వస్తున్నప్పుడు దాని కూత కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. వెలుగుకూ అంతే. కణం తనకు ఇష్టమైన ఒకే ఒక్క రంగును మింగుతుంది. లేజరు రంగును ఆ రంగుకన్నా ఒక్క పిసరు ఎరుపు వైపుకు జరిపి పెడతారు. నిలకడగా ఉన్న కణానికి ఆ రంగు పట్టదు. లేజరుకు ఎదురుగా వచ్చే కణానికి మాత్రం ఆ వెలుగు కాస్త నీలం వైపుకు జరిగి, సరిగ్గా తనకు కావలసిన రంగుగా కనిపిస్తుంది. అది మింగుతుంది, దెబ్బ తింటుంది, నెమ్మదిస్తుంది. ఆరు దిక్కుల నుంచి ఇలాంటి కిరణాలు పెడితే కణం ఎటు కదలబోయినా ఎదురు దెబ్బే తగులుతుంది.

ఈ ఆలోచనను 1975లో థియోడర్ హాన్ష్, ఆర్థర్ షాలో పరమాణువుల కోసం ప్రతిపాదించారు. అదే ఏడాది డేవిడ్ వైన్‌ల్యాండ్, హాన్స్ డెమెల్ట్ అయాన్ల కోసం ప్రతిపాదించారు. 1985లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీవెన్ చూ బృందం ఆరు కిరణాల మధ్య సోడియం పరమాణువులను 240 మైక్రోకెల్విన్ల దాకా చల్లబరిచింది. ఆ తర్వాత విలియం ఫిలిప్స్ బృందం సిద్ధాంతం గీసిన హద్దును కూడా దాటి ఇంకా కిందికి వెళ్లింది. అది ఎలా సాధ్యమైందో క్లాడ్ కోహెన్ తనూజీ, జాన్ దాలిబార్ వివరించారు. చూ, కోహెన్ తనూజీ, ఫిలిప్స్ ముగ్గురికీ 1997లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

> మరి ఆ వేడి ఎక్కడికి పోయింది?
>
> శక్తి మాయమైపోదు. కణం మింగే ఫోటాన్ కాస్త ఎరుపు వైపుది, అంటే కాస్త తక్కువ శక్తి గలది. తిరిగి వదిలే ఫోటాన్ సగటున దానికన్నా ఒక్క పిసరు ఎక్కువ శక్తితో బయటికి పోతుంది. ఆ తేడా కణం పరుగులోంచి వచ్చిందే. ఒకే రంగులో, ఒకే దిక్కున బుద్ధిగా వచ్చిన లేజరు వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. వాయువులోని చిందరవందర అంతా ఆ చెదిరిన వెలుగుతో పాటు బయటికి వెళ్లిపోతుంది.

పరమాణువుకు లేని చిక్కు

సోడియం పరమాణువులో ఎలక్ట్రాన్ పైకి ఎగిరి, దిగేటప్పుడు దాదాపు ఎప్పుడూ బయల్దేరిన చోటికే వస్తుంది. అందుకే అదే లేజరుతో దాన్ని మళ్లీ మళ్లీ కొట్టవచ్చు. అణువు అలా కాదు. రెండు పరమాణువులు జతకట్టగానే రెండు కొత్త కదలికలు పుట్టుకొస్తాయి. ఒకటి, ఆ రెండూ దగ్గరికీ దూరానికీ ఊగే కంపనం. రెండోది, జంట మొత్తం గిర్రున తిరిగే భ్రమణం. ఈ కదలికలకు కూడా క్వాంటం నియమం ప్రకారం నిర్ణీతమైన స్థాయిలు ఉంటాయి. ఎలక్ట్రాన్ కిందికి దిగినప్పుడు అణువు మునుపటి స్థాయికే రావాలని నియమం లేదు. కాస్త శక్తిని కంపనంగానో, భ్రమణంగానో తన దగ్గరే ఉంచుకుని, మిగిలిన శక్తిని రంగు మారిన ఫోటాన్‌గా వదలవచ్చు.

ఈ దృగ్విషయం మనకు కొత్తది కాదు. అణువు మీద పడిన వెలుగులో కొంత భాగం రంగు మార్చుకుని తిరిగి వస్తుందని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ బృందం చూసింది. అణువు తన కంపనం కోసం కొంత శక్తిని అట్టే పెట్టుకోవడమే ఆ రంగు మార్పుకు కారణం. రామన్‌కు నోబెల్ తెచ్చిన ఈ గుణమే లేజరు చల్లదనానికి అడ్డుగోడ అయింది. అణువు ఒక్కసారి వేరే కంపన స్థాయిలోకి జారితే, దానికి ఇష్టమైన రంగు మారిపోతుంది. లేజరు ముందు అది ఇక చీకట్లో ఉన్నట్టే. ఒక్క దెబ్బా తగలదు. మామూలు అణువుల్లో ఈ జారుడు రెండు మూడు ఫోటాన్లలోనే జరిగిపోతుంది. మనకు కావలసింది 25,000.

జారిన ప్రతి స్థాయికీ ఒక లేజరు పెట్టి వెనక్కి తేవచ్చు కదా అని అడగవచ్చు. తేవచ్చు. అయితే ఆ స్థాయిలు వందల్లో ఉంటే వందల లేజర్లు కావాలి. ఒక్కొక్క లేజరు రంగును పదికోట్లలో ఒక వంతు ఖచ్చితత్వంతో నిలబెట్టాలి. అందుకే చాలా ఏళ్లపాటు భౌతికశాస్త్రజ్ఞులు ఈ దారిని వదిలేసుకున్నారు.

బిందెలో నీళ్లు తొణకకూడదు

దారి చూపింది ఒక పాత సూత్రం. 1925, 1926 సంవత్సరాల్లో జేమ్స్ ఫ్రాంక్, ఎడ్వర్డ్ కాండన్ చెప్పిన సంగతి ఇది. ఎలక్ట్రాన్ చాలా తేలిక. దాని గెంతు రెప్పపాటుకన్నా ఎన్నో రెట్లు వేగంగా ముగిసిపోతుంది. బరువైన కేంద్రకాలు ఆ సమయంలో కదలనే లేవు. గెంతు ముగిశాక అవి తమ చుట్టూ మారిన పరిస్థితిని చూసుకుంటాయి. ఎలక్ట్రాన్ పైకి ఎగరడం వల్ల బంధం పొడవు మారిపోయి ఉంటే, కేంద్రకాలు తప్పు దూరంలో ఉన్నట్టు లెక్క. అప్పుడు ఊగడం మొదలవుతుంది.

నెత్తిన నిండు బిందె పెట్టుకుని చెరువు గట్టు మీద నడుస్తున్న మనిషిని తలచుకోండి. అడుగు కింద నేల ఒక్కసారిగా పల్లమైతే బిందెలో నీళ్లు ఊగి, ఒలికిపోతాయి. నేల ఒకే మట్టంగా ఉంటే ఎంత దూరం నడిచినా చుక్క కింద పడదు. ఎలక్ట్రాన్ గెంతే ఆ అడుగు. బంధం పొడవే ఆ నేల మట్టం. గెంతుకు ముందూ తర్వాతా బంధం పొడవు ఒకటిగానే ఉంటే కేంద్రకాలు ఊగవు. అణువు మునుపటి కంపన స్థాయికే తిరిగి వస్తుంది. 

కాబట్టి వెతకాల్సింది ఎలక్ట్రాన్ గెంతినా బంధం పొడవు మారని అణువుల కోసం. అలాంటివి కొన్ని ఉన్నాయి. స్ట్రాన్షియం, కాల్షియం లాంటి క్షారమృత్తిక లోహాలకు బయటి పొరలో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఫ్లోరిన్‌తో జతకట్టినప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఫ్లోరిన్ పక్షం చేరి బంధాన్ని నిలబెడుతుంది. రెండోది లోహం మీదే, అదీ ఫ్లోరిన్‌కు దూరంగా రెండో వైపున, బంధంతో సంబంధం లేకుండా ఉండిపోతుంది. లేజరు వెలుగుకు గెంతేది ఈ రెండో ఎలక్ట్రానే. అది గెంతినా బంధానికి పెద్దగా పట్టింపు లేదు.

స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్‌లో వందకు 98 సార్లు అణువు బయల్దేరిన కంపన స్థాయికే వస్తుంది. సుమారు 2 సార్లు మొదటి కంపన స్థాయికి జారుతుంది. రెండో స్థాయికి జారేది పదివేలలో నాలుగైదు సార్లు. మూడో స్థాయికి జారేది లక్షలో ఒకసారి. అంటే ప్రధాన లేజరుకు తోడుగా, మొదటి రెండు స్థాయిలకు జారిన అణువులను వెనక్కి తెచ్చే లేజర్లు రెండు పెడితే చాలు, సగటున లక్ష దాకా దెబ్బలు తగులుతాయి. 25,000 అందుబాటులోకి వచ్చేసింది.

భ్రమణం చిక్కును ఇంకో ఉపాయం తీర్చింది. ఒక ఫోటాన్‌ను మింగినా వదిలినా భ్రమణ స్థాయి మారడానికి కఠినమైన నియమాలున్నాయి. కంపనానికి అలాంటి నియమం లేదు. ఉత్తేజిత స్థితిలో అన్నిటికన్నా అడుగున ఉన్న భ్రమణ స్థాయికి అణువును పంపితే, దానికి తిరిగి వచ్చే దారి ఒక్కటే మిగులుతుంది. ఆ దారి బయల్దేరిన చోటికే వస్తుంది. కొలరాడోలోని జిలా సంస్థలో జున్ యె బృందం 2008లో ఈ ఉపాయాన్ని ప్రతిపాదించింది. అంతకుముందు 2004లో లాస్ ఆలమోస్‌లో మైఖేల్ డి రోసా ఇలాంటి అణువుల పట్టికనే తయారుచేసి, ఏవి లొంగుతాయో చూపించారు.

యేల్ విశ్వవిద్యాలయంలో ఒక అణువు ప్రయాణం

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డిమిల్ బృందం ఈ ఆలోచనను ప్రయోగంలో పెట్టింది. ఒక అణువును వెంబడించి చూద్దాం.

స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్ సీసాలో దొరికే పదార్థం కాదు. ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా ఉండటం వల్ల అది ఎదురుపడిన దేనితోనైనా కలిసిపోతుంది. కాబట్టి అప్పటికప్పుడు పుట్టించాలి. ఒక చిన్న లోహపు గదిలో స్ట్రాన్షియం డైఫ్లోరైడ్ ముద్ద ఉంటుంది. లేజరు మిణుకు ఒకటి దాన్ని తాకగానే కొంత పదార్థం ఆవిరై ఎగురుతుంది. అందులో మనకు కావలసిన అణువులు కొన్ని ఉంటాయి. గదిలో 4 కెల్విన్ల దగ్గర నింపిన హీలియం వాయువు ఉంటుంది. పుట్టీపుట్టగానే అణువు హీలియం పరమాణువులను ఢీకొంటూ వేడిని వాటికి అప్పగిస్తుంది. హార్వర్డ్‌లో జాన్ డాయిల్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. గదికున్న రంధ్రంలోంచి అణువు హీలియం ప్రవాహంతో పాటు సెకనుకు 140 మీటర్ల వేగంతో శూన్యంలోకి వస్తుంది. ఈపాటికే దాని ఉష్ణోగ్రత కొన్ని కెల్విన్లకు దిగింది.

ఇక లేజర్ల పని. 663 నానోమీటర్ల ప్రధాన లేజరు, 686, 685 నానోమీటర్ల దగ్గర రెండు సహాయ లేజర్లు. మూడూ ఎరుపే. అసలు తంటా సూక్ష్మ వివరాల్లో ఉంది. అణువు కింది స్థాయి నిజానికి ఒకటి కాదు, నాలుగు చిన్న స్థాయిల గుంపు. నాలుగింటినీ తాకేలా ప్రతి లేజరును నాలుగు దగ్గరి రంగులుగా చీల్చాలి. అప్పటికీ కొన్ని స్థితులు లేజరుకు కనిపించకుండా దాక్కుంటాయి. వాటిని కదిలించి వెలుగులోకి తేవడానికి ఒక చిన్న అయస్కాంత క్షేత్రం పెట్టారు. ఇన్ని ఏర్పాట్ల తర్వాత అణువుల పుంజం అడ్డంగా చెదరడం తగ్గి, సన్నబడటం కెమెరాలో కనిపించింది. ఆ అడ్డు దిశలో ఉష్ణోగ్రత కొన్ని మిల్లీకెల్విన్లకు, ఆపైన ఇంకా కిందికి దిగింది. లేజరుతో చల్లబడిన మొదటి అణువు అదే. ఆ వ్యాసం 2010లో నేచర్ పత్రికలో వచ్చింది.

అది ఒక్క దిశలోనే చల్లదనం. నాలుగేళ్లు గడిచాక 2014లో ఎదురు లేజరుతో అణువులను దాదాపు ఆపి, ఆరు కిరణాలూ అయస్కాంత తీగచుట్టలూ కలిసిన బోనులో పట్టి నిలిపారు. ఆ బోనులో చిక్కినవి సుమారు 300 అణువులు. ఉష్ణోగ్రత సుమారు 2.3 మిల్లీకెల్విన్లు. పరమాణువుల బోనులో కోట్లకొద్దీ కణాలు ఉండే రోజుల్లో 300 అన్నది చిన్న అంకె. నా దృష్టిలో మాత్రం అది చాలా పెద్ద అంకె. ఆ మూడొందల అణువులూ ఒక్కొక్కటి వేలకొద్దీ ఫోటాన్లను చెదరగొడుతూ, చీకటిలోకి జారకుండా కెమెరా ముందు మెరిశాయి.

హద్దు దాటిన చల్లదనం

డాప్లర్ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఫోటాన్‌ను వదిలేటప్పటి దెబ్బలు సగటున చెల్లిపోయినా, ఒక్కొక్కటీ కణాన్ని కాస్త కుదుపుతుంది. కాల్షియం మోనోఫ్లోరైడ్‌కు ఆ హద్దు సుమారు 200 మైక్రోకెల్విన్లు. 2017లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు దాన్ని దాటి 50 మైక్రోకెల్విన్లకు చేరుకున్నారు.

ఇందుకోసం వాళ్లు చేసిన పని వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది. బోనులో అణువులు పోగయ్యాక, లేజరు రంగును ఎరుపు వైపు నుంచి నీలం వైపుకు మార్చారు. అప్పుడు ఎదురెదురు కిరణాలు కలిసి అణువుల కోసం ఎత్తుపల్లాల వరుసను సృష్టిస్తాయి. లేజరుకు కనిపించే స్థితిలో ఉన్న అణువు ఎత్తు ఎక్కుతూ వేగాన్ని కోల్పోతుంది. శిఖరం దగ్గర వెలుగు ఎక్కువ కనుక అక్కడే ఫోటాన్‌ను మింగి, లేజరుకు కనిపించని స్థితిలోకి పడిపోతుంది. ఎక్కిన శక్తిని వెలుగు పట్టుకుపోతుంది. అణువు కదులుతూ మళ్లీ పల్లం దగ్గర కనిపించే స్థితిలోకి వస్తుంది, మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఎక్కడమే కానీ దిగడం లేని ఈ ప్రయాణంలో అణువు పరుగు హరించుకుపోతుంది. మొదట్లో చిక్కుగా కనిపించిన ఆ దాగిన స్థితులే ఇక్కడ సాయం చేశాయి. 2019లో అదే కాలేజీలో ఇది 5 మైక్రోకెల్విన్ల దాకా వెళ్లింది.

మూడు పరమాణువులు, ఆపైన

రెండు పరమాణువులతోనే ఇంత తంటా పడితే మూడింటి సంగతేమిటి? ఆశ్చర్యంగా, అదే సూత్రం అక్కడా పనిచేసింది. ఫ్లోరిన్ స్థానంలో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంటను పెట్టినా అది లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్‌నే తీసుకుంటుంది. లోహం మీద మిగిలిన ఎలక్ట్రాన్ ఎప్పటిలాగే విడిగా ఉంటుంది. కాల్షియం మోనోహైడ్రాక్సైడ్ అలాంటి అణువే. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో జ్వాలా పరీక్ష చేసినవారు దాన్ని చూసే ఉంటారు. కాల్షియం లవణం మంటలో పెట్టగానే వచ్చే ఇటుక ఎరుపు రంగులో ఎక్కువ భాగం మంటలో పుట్టే ఈ అణువుదే. దీపావళి బాణసంచాలో ఎర్రటి వెలుగులకు కారణం కూడా ఇలాంటి స్ట్రాన్షియం అణువులే. వెలుగును ఇంత ధారాళంగా మింగి వదలడం వాటి స్వభావం.

హార్వర్డ్‌లో డాయిల్ బృందం 2017లో స్ట్రాన్షియం మోనోహైడ్రాక్సైడ్‌ను ఒక దిశలో చల్లబరిచింది. 2020లో ఆరు పరమాణువులున్న కాల్షియం మోనోమిథాక్సైడ్‌నూ ఒక దిశలో చల్లబరిచారు. 2022లో కాల్షియం మోనోహైడ్రాక్సైడ్‌ను మూడు దిశల బోనులో పట్టి 110 మైక్రోకెల్విన్లకు దించారు. ఈ అణువు వంగుతుంది కూడా. ఆ వంగే కదలికలకు కొత్త జారుడు దారులు ఉండటంతో పదికి పైగా లేజర్లు వాడాల్సి వచ్చింది. 2022లోనే మరో దారి తెరుచుకుంది. బెంజీన్ వలయానికి ఆక్సిజన్ ద్వారా కాల్షియంను తగిలించిన పెద్ద అణువుల్లో కూడా ఎలక్ట్రాన్ గెంతు బంధాన్ని పెద్దగా కదిలించడం లేదని కొలిచి చూపించారు. వెలుగును పట్టే లోహం ఒక చివర, రసాయన శాస్త్రవేత్త కోరుకున్న అణువు రెండో చివర. ఇలాంటి అణువులను కోరి తయారుచేయవచ్చన్న ఆశ కలిగింది.

ఇంత శ్రమ ఎందుకు?

మొదటి కారణం ఎలక్ట్రాన్. దాని విద్యుదావేశం ఒక వైపుకు రవ్వంత మొగ్గి ఉందా, లేదా? ఉంటే, ఇప్పటి కణ సిద్ధాంతంలో లేని కొత్త కణాలకూ బలాలకూ అది ఆధారం అవుతుంది. విశ్వంలో పదార్థమే మిగిలి ప్రతిపదార్థం ఎందుకు కనుమరుగైందన్న ప్రశ్నకు జవాబు దొరకవచ్చు. ఈ మొగ్గును చూడాలంటే ఎలక్ట్రాన్ మీద బలమైన విద్యుత్ క్షేత్రం పెట్టాలి. అణువులే ఆ క్షేత్రాన్ని ఇస్తాయి. థోరియం మోనాక్సైడ్‌లో ఎలక్ట్రాన్‌కు తగిలే క్షేత్రం సెంటీమీటరుకు దాదాపు 8,000 కోట్ల వోల్టులు. అంతటి క్షేత్రాన్ని నిలకడగా ఏ ప్రయోగశాల యంత్రమూ సృష్టించలేదు. 2018లో ఈ అణువుల పుంజంతో చేసిన కొలతలో మొగ్గు కనిపించలేదు. అయితే ఒక్కో అణువునూ గమనించగలిగింది సెకనులో వెయ్యోవంతు మాత్రమే. 2023లో జిలా సంస్థ హాఫ్నియం ఫ్లోరైడ్ అయాన్లను బోనులో పెట్టి, మూడు సెకన్ల దాకా గమనించి, ఆ హద్దును రెండు రెట్లకు పైగా మెరుగుపరిచింది. గమనించే సమయం పెరిగే కొద్దీ కొలత పదునెక్కుతుంది. లేజరుతో చల్లబరిచి నిలిపిన ఇటర్బియం ఫ్లోరైడ్, స్ట్రాన్షియం మోనోహైడ్రాక్సైడ్ లాంటి అణువుల మీద పరిశోధకులు ఆశ పెట్టుకున్నది అందుకే.

రెండో కారణం రసాయనశాస్త్రం. మామూలు చర్యల్లో కోట్లాది అణువులు రకరకాల వేగాలతో, రకరకాల స్థితుల్లో ఢీకొంటాయి. మనం చూసేది ఆ గందరగోళపు సగటు. అతిశీతల అణువులను ఒకే క్వాంటం స్థితిలో నిలిపి ఢీకొట్టిస్తే చర్యను అంచెలంచెలుగా చూడవచ్చు. 2019లో హార్వర్డ్‌లో కాంగ్ క్వెన్ ని బృందం ఇలా పొటాషియం రుబీడియం అణువుల జంటను చర్య మధ్యలో పట్టుకుంది. ఆ అణువులు వేరే దారిలో తయారైనవి. ముందు పరమాణువులను చల్లబరిచి, తర్వాత వాటిని లేజర్లతో జతకట్టించారు. జిలాలో 2008లో మొదలైన దారి అది. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సోడియం సీజియం అణువులతో బోస్ ఐన్‌స్టీన్ సంఘనితం సాధించింది కూడా ఆ దారిలోనే. చలి విషయంలో ఆ దారి ముందుంది. అయితే లేజరుకు లొంగే పరమాణువులకే అది పరిమితం. ఫ్లోరిన్, ఆక్సిజన్ లాంటివి కలిసిన అణువులు కావాలంటే నేరుగా అణువునే చల్లబరచక తప్పదు.

మూడో కారణం క్వాంటం కంప్యూటర్. ఈ అణువులకు ఒక చివర ధనావేశం, ఇంకో చివర రుణావేశం ఉంటాయి. అందుకే దూరంగా ఉన్నా ఒకదాని స్థితి ఇంకోదాన్ని ప్రభావితం చేస్తుంది. సన్నటి లేజరు పట్టకార్లతో ఒక్కొక్క కాల్షియం మోనోఫ్లోరైడ్ అణువునూ పట్టుకుని వరుసలో నిలపడం 2019లో హార్వర్డ్‌లో సాధ్యమైంది. 2023లో ప్రిన్స్‌టన్‌లోనూ, హార్వర్డ్‌లోనూ అలాంటి రెండు అణువులను క్వాంటం చిక్కుముడిలో బంధించారు. క్వాంటం లెక్కకు కావలసిన ప్రాథమిక మెట్టు అదే.

పట్టికలకు దక్కిన విలువ

ఈ కథలో లేజర్లు ఎంత ముఖ్యమో, ఏ అణువును ఎంచుకోవాలో చెప్పిన పాత జ్ఞానం కూడా అంతే ముఖ్యం. ఏ అణువు ఏ రంగు దగ్గర మింగుతుంది, బంధం పొడవు ఏ స్థితిలో ఎంత, కంపనం ఎంత, ఏ స్థాయికి ఎంత వాటా జారుతుంది? ఇవన్నీ లేజర్లు పుట్టకముందు నుంచీ వర్ణపటమాపకాల ముందు కూర్చుని, ఒక్కొక్క గీతనూ కొలిచి రాసుకున్నవారి శ్రమ. 1979లో హ్యూబర్, హెర్జ్‌బెర్గ్ ద్విపరమాణుక అణువుల స్థిరాంకాలను ఒక పెద్ద పుస్తకంగా కూర్చారు. చల్లబరచడానికి అణువును వెతికేవారు నేటికీ మొదట తెరిచేవాటిలో అది ఒకటి.

ఆ సంప్రదాయంలో తెలుగు నేలకూ వాటా ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. కాంతి పరిక్షేపణం మీదా, రామన్ ప్రభావం మీదా ఆయన రాసిన గ్రంథం 1940లో వాల్తేరు నుంచి వెలువడింది. అక్కడే కొత్త రంగధామ రావు వర్ణపట పరిశోధనకు పునాదులు వేసి, ఎంతోమంది పరిశోధకులను తయారుచేశారు. ఆ రోజుల్లో ఈ కొలతలతో అణువును ఆపవచ్చని ఎవరూ ఊహించలేదు. ఉపయోగం కనిపించకపోయినా వాళ్లు కొలత మానలేదు. అలాంటి కొలతల పునాది లేకపోతే యేల్‌లో ఆ మూడొందల అణువులు నిలిచేవి కావు.

అందుకే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ చదివే విద్యార్థులకు ఒక మాట. మీ సిలబస్‌లో ఫ్రాంక్ కాండన్ సూత్రం, భ్రమణ కంపన వర్ణపటాలు ఉంటాయి. వాటిని పరీక్ష గట్టెక్కడం కోసం బట్టీ పట్టి వదిలెయ్యకండి. లేజరుకు లొంగే అణువుల జాబితా ఇంకా చిన్నదే. కొత్త పేర్లు చేర్చడానికి ఒక వర్ణపట పట్టిక, ఒక కంప్యూటర్, ఓపిక చాలు. ఆ పని మన విశ్వవిద్యాలయాల్లోనూ జరగాలి.